పౌర సరఫరాలు: ఒక యుద్ధకాలపు మాట

విద్యార్థి సంఘం కార్యదర్శి వచ్చి "సార్, ఈ యేటి సంచికకు మీరొక వ్యాసం తప్పకుండా ఇవ్వాలి" అన్నప్పుడు, బీరువాలో ఉన్న పాత నోట్సులోంచి ఏదో ఒకటి తీసి ఇచ్చేద్దామనుకున్నాను. ఆ మధ్య తరగతిలో జరిగిన ఒక చిన్న సంగతి గుర్తుకొచ్చి ఆ ఆలోచన మానుకున్నాను.

బి.ఏ. విద్యార్థులకు ప్రభుత్వ శాఖల పుట్టుపూర్వోత్తరాలు చెబుతున్నాను. తాడేపల్లిగూడెం నుంచి రోజూ రైల్లో వచ్చే ఒక అమ్మాయి లేచి, "సార్, విద్యా శాఖను పౌర విద్యా శాఖ అనరు. రోడ్ల శాఖను పౌర రోడ్ల శాఖ అనరు. బియ్యం దగ్గరకు వచ్చేసరికి పౌర సరఫరాల శాఖ అంటారు. ఈ 'పౌర' ఎందుకు సార్?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి, "ప్రజలకిచ్చేది గనుక" అని ఏదో చెప్పి తప్పించుకున్నాను. సాయంత్రం ఇంటికి వెళ్తుంటే ఆ జవాబు నాకే రుచించలేదు. ఇరవై యేళ్లుగా ఆ మాట వాడుతున్నాను గాని, దాని సంగతి ఒక్కసారీ ఆలోచించలేదు.

ఆ మాటకు జంట మాట ఒకటుంది. అది సైన్యం. సైనిక సరఫరాలు అనేవి వేరే ఉన్నప్పుడే పౌర సరఫరాలు అనే మాటకు అర్థం ఉంటుంది. అనగా ఇది యుద్ధంలో పుట్టిన పేరు. యుద్ధం 1945లో ముగిసింది. పేరు మాత్రం మన రేషను కార్డు మీద ఇప్పటికీ ఉంది.

పుట్టుక సంగతి ముందు చెప్పుకుందాం. 1939 సెప్టెంబరు 3న ఇంగ్లండు జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. అదే రోజున వైస్రాయి లిన్‌లిత్‌గో మన నాయకులెవరినీ ఒక్క మాటైనా అడగకుండా ఇండియా కూడా యుద్ధంలో ఉన్నదని ప్రకటించాడు. ఆ అక్టోబరులో మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా ఇచ్చింది. తరువాత 1946 ఏప్రిల్‌లో టంగుటూరి ప్రకాశం పంతులుగారు ప్రధాని అయ్యేవరకూ మద్రాసు రాష్ట్రాన్ని గవర్నరే నడిపాడు. కాబట్టి నేను చెప్పబోయే ఆఫీసులన్నీ శాసనసభకు జవాబు చెప్పవలసిన అవసరం లేకుండా పుట్టినవే. ఇది మరువకూడదు.

యుద్ధానికి కావలసిన సరకు కొనడానికి సప్లై డిపార్టుమెంటు 1939లోనే ఏర్పడింది. సైన్యానికి బూట్లు, గుడారాలు, గోనె సంచులు, గోధుమలు కొనిపెట్టడం దాని పని. 1940 చివర ఢిల్లీలో సమావేశం జరిపి ఆస్ట్రేలియా మొదలు దక్షిణాఫ్రికా దాకా బ్రిటిషు దేశాల అవసరాలు కూడదీయడానికి ఈస్టర్న్ గ్రూప్ సప్లై కౌన్సిల్ పెట్టారు. రైళ్లకూ లారీలకూ వార్ ట్రాన్స్‌పోర్టు శాఖ 1942లో వచ్చింది. జనం మనోధైర్యానికి నేషనల్ వార్ ఫ్రంట్, బాంబుల భయానికి ఏ.ఆర్.పి. ఇన్ని ఆఫీసులున్నా జనం తిండి ఏ ఆఫీసు పనో చెప్పే ఆఫీసు ఒక్కటీ లేదు. తిండి రాష్ట్రాల విషయమని ఢిల్లీ వారి వాదన. ధరల నియంత్రణకు 1939 అక్టోబరు నుంచి 1942 సెప్టెంబరు వరకూ ఆరు సమావేశాలు జరిపారు. తీర్మానాలు చేశారు, టీ తాగారు, ఎవరి రాష్ట్రాలకు వారు తిరిగి వెళ్లారు.

ఈలోగా కొంప మునిగింది. 1942 మార్చి 8న జపాను సేన రంగూను పట్టుకుంది. అప్పటిదాకా బర్మా నుంచి ఇండియాకు ఏటా పది పదిహేను లక్షల టన్నుల బియ్యం వచ్చేది. దేశం మొత్తం పంటలో అది చిన్న భాగమే. కాని తిరువాన్కూరుకు, కొచ్చిన్‌కు, మలబారుకు అది ప్రాణం. వాళ్ల కొండలూ కొబ్బరితోటలూ వాళ్లను పోషించలేవు. నెల తిరగకుండానే, ఏప్రిల్ 6న, విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. మద్రాసులో జనం ఊరు ఖాళీ చేశారు, ప్రభుత్వం ఆఫీసుల్ని లోపలి ఊళ్లకు తరలించింది. మన ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా వాల్తేరు వదిలి గుంటూరు చేరింది. తాడేపల్లిగూడెంలో ఈనాటికీ కనిపించే రన్‌వే ఆ యుద్ధపు రోజులదే. దానిమీద ఏనాడూ ప్రయాణికుల విమానం ఎక్కని మన గూడెం జనం ఇప్పటికీ ఆ నేలను ఏరోడ్రోమ్ అనే పిలుస్తారు. ప్రశ్న అడిగిన అమ్మాయి ఇల్లు దానికి దగ్గరేనట!

కేంద్రంలో ఆహార శాఖ 1942 డిసెంబరులో పుట్టింది. యుద్ధం మొదలైన మూడేళ్ల తరువాత! ఆ మూడేళ్లలో ఒక్కొక్క రాష్ట్రం తన ధాన్యం తన గడప దాటకుండా తలుపులు వేసుకుంది. మిగులు ఉన్నవాడు ధర పెరుగుతుందని బిగబట్టాడు, లోటు ఉన్నవాడు కనబడ్డ చోటల్లా ఎగబడి కొన్నాడు. ఆహార శాఖ 1943 మొదట్లో ఏ రాష్ట్రం ఎంత ఇవ్వాలో, ఏ రాష్ట్రం ఎంత తీసుకోవాలో పట్టీ వేసింది. గ్రెగరీ అధ్యక్షతన ఏర్పడ్డ కమిటీ 1943 సెప్టెంబరులో, లక్ష జనాభా దాటిన పట్టణాలన్నిటా రేషను పెట్టమనీ, తలకు రోజుకు ఒక పౌను లెక్కన ధాన్యం ఇవ్వమనీ, కేంద్రం దగ్గర అయిదు లక్షల టన్నుల నిలువ ఉంచమనీ సిఫారసు చేసింది. ఒక పౌనంటే మన పాత లెక్కలో దాదాపు నలభై తులాలు.

ఇక మన జిల్లాకు వద్దాం. 1925లో కృష్ణా జిల్లాను చీల్చి ఏర్పరచిన పశ్చిమగోదావరికి 2022 దాకా ఏలూరు ముఖ్యపట్టణంగా ఉండేది. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లూ, బెజవాడ ఆనకట్ట నీళ్లూ కాలువల ద్వారా వచ్చి కలిసేది ఏలూరులోనే. ఆ రోజుల్లో ఆ కాలువల మీద పడవెక్కితే కాకినాడ నుంచి మద్రాసు దాకా పోగలిగేవారు. రైలూ ఉంది, కాలువా ఉంది, వడ్లూ ఉన్నాయి. తెలుగు డెల్టాలూ తంజావూరూ మద్రాసు రాష్ట్రానికి గాదెలు. మద్రాసులో సివిల్ సప్లైస్ కమిషనరు, జిల్లాలో కలెక్టరు, ఊళ్లో మునసబూ కరణమూ. ఇదీ నిచ్చెన. జిల్లా దాటి బస్తా పోవాలంటే పర్మిట్ కావాలి. మిల్లు ఆడాలంటే లైసెన్సు కావాలి. రైతు ఇంటి తిండికీ, విత్తనానికీ, పాలేర్ల జీతపు గింజలకూ మినహాయించి, మిగిలింది ప్రభుత్వం కట్టిన ధరకు ప్రభుత్వం చెప్పిన వాడికే తోలాలి. ఆ బియ్యం మద్రాసుకూ, మలబారుకూ పోయేది.

కొల్లేటి ఒడ్డున మా తాతయ్యది పదెకరాల సేద్యం. ఆ రోజుల సంగతి ఆయన నోటి వెంట నేను విన్నది ఒకే మాటగా: "కంట్రోలు". మనిషిని తిట్టినట్టు తిట్టేవాడు ఆ మాటను. వాకిట్లో పురి చుట్టూ తాడు వేసి కొలిచి, లోపల ఎన్ని బస్తాలుంటాయో అంచనా కట్టి రాసుకు పోయారట. ఆయన బాధ వడ్లు తీసుకుపోయినందుకు కాదు. "వడ్లకు వాళ్ల ధర. సరే. మరి నాకు గుడ్డ, కిరసనాయిలు, మేకులు ఎవడి ధరకు దొరికాయి? బ్లాకులో గదా!" అనేవాడు. నేను ఆర్థికశాస్త్రం చదువుకున్నాక తెలిసింది, ఆయన ఒక్క వాక్యంలో చెప్పింది చాలా పెద్ద విషయమని. పండించేవాడు అమ్మే సరకుకు కంట్రోలు గట్టిగా అమలైంది. ఎందుకంటే పురి వాకిట్లో కనబడుతుంది. అతడు కొనే సరకుకు కంట్రోలు కాగితం మీదే ఉంది. ఎందుకంటే గుడ్డ తాను ఎక్కడైనా దాచుకోవచ్చు. నూలు గుడ్డల కంట్రోలు ఉత్తర్వు 1943 జూన్‌లో వచ్చింది. బొంబాయిలో టెక్స్‌టైల్ కమిషనరు ఆఫీసూ వచ్చింది. మా ఊరికి మాత్రం "కంట్రోలు గుడ్డ" అనే కొత్త మాట వచ్చినంతగా గుడ్డ రాలేదని మా మామ్మ చెప్పేది.

రైతు కోపానికి ఇంకొక కారణం కూడా ఉందని నా అభిప్రాయం. 1942 ఆగస్టు 12న తెనాలిలో స్టేషను తగలబడింది, కాల్పుల్లో మనుషులు చనిపోయారు. కాంగ్రెసు వాళ్లను జైళ్లలో పెట్టిన కలెక్టర్లే పురులు కొలవడానికి మనుషుల్ని పంపారు. లాఠీ పట్టిన చేయే కాటా పడితే తూకం మీద ఎవరికి నమ్మకం? అటు కమ్యూనిస్టులు ఇది ప్రజాయుద్ధమని, దాచిన ధాన్యం బయటపెట్టించాలని ఊరూరా తిరిగారు. ఒకే వీధిలో ఒకరు వడ్లు దాచడం దేశభక్తి అనుకుంటే, మరొకరు బయటికి తీయించడం దేశభక్తి అనుకున్నారు.

మరి ఈ కంట్రోలు తప్పంటారా అని అడగవచ్చు. అక్కడే నాకు బెంగాలు గుర్తొస్తుంది.

బెంగాలులో కూడా సివిల్ సప్లైస్ శాఖ ఉంది. ఈ విషయం చాలామందికి తెలియదు. 1942లోనే పెట్టారు. కాబట్టి ఆఫీసు లేక కరువొచ్చింది అనడానికి వీలులేదు. ఐతే ఆ శాఖ ముఖ్యంగా చూసుకున్నది కలకత్తా. యుద్ధ సామగ్రి ఫ్యాక్టరీలు, రైల్వేలు, పోర్టు, ప్రభుత్వ ఉద్యోగులు. వీళ్లను ప్రాధాన్యం గలవాళ్లుగా లెక్కకట్టి వాళ్లకు బియ్యం అందే ఏర్పాటు చేశారు. పల్లెల్లో కొని కలకత్తాకు చేర్చడమే తప్ప, పల్లెలో కొనలేనివాడి సంగతి ఏ రిజిస్టరులోనూ లేదు. 1943 మార్చిలో ధర మీద పట్టు కూడా వదిలేశారు. అంతకు ముందే, జపాను వాళ్లు వస్తే వాడుకుంటారని కోస్తా బెంగాలులో నలభై వేలకు పైగా పడవలను లాక్కోవడమో, పనికిరాకుండా చేయడమో జరిగింది. పడవ పోతే చేపలు లేవు, వడ్లు మోసే కూలి లేదు, అవతలి లంకలో చేనికి పోయే దారి లేదు. ఈ కరువులో చచ్చిపోయినవారు దాదాపు ముప్పై లక్షలు. అమర్త్య సేన్ 1981లో అచ్చయిన పుస్తకంలో చూపించిన ముఖ్యవిషయం ఏమంటే, బియ్యం అసలు లేకపోవడం కంటే కొనే శక్తి కొన్ని వృత్తుల వాళ్లకు కూలిపోవడమే ఆ చావులకు కారణమని. ఎక్కువగా దెబ్బతిన్నవాళ్లలో వ్యవసాయ కూలీలు, జాలరులు ఉన్నారు.

ఈ భాగం చదివినప్పుడల్లా నా కళ్లకు కట్టేది మా కొల్లేరు. మా లంకల్లో తాటి దోనె లేనిదే పూట గడవదు. మాకు ఆ దోనెలు పోలేదు, కరువూ రాలేదు. కాని చేపల మీద బ్రతికే వడ్డి కుటుంబాలకు సెంటు భూమి లేదు. వాళ్లకు పురి లేదు, మినహాయింపు లేదు. మామూలు రోజుల్లో చేపలిచ్చి వడ్లు పుచ్చుకునేవాళ్లు. రైతు గింజలన్నీ లెక్కలోకి వెళ్లేసరికి ఆ మార్పిడి చాటుమాటు వ్యవహారమైంది. మా మామ్మ దొడ్డిదారిన కుంచాలు కొలిచి ఇచ్చేదట. చట్టప్రకారం అది నేరమే. "మిగులు జిల్లా" అనేది ఆఫీసు మాట. మిగులు జిల్లాలో ఉన్న ప్రతి ఇంట్లోనూ మిగులు ఉంటుందా? లక్ష జనాభా దాటిన పట్టణాలకు కచ్చితమైన రేషను పెట్టమన్నారు. అప్పటికి ఏలూరు జనాభాయే లక్ష లేదు. ఇక లంక గ్రామం మాటెవరెత్తారు?

అయినా ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. బర్మా బియ్యం ఆగిపోయిన మలబారులో, తిరువాన్కూరులో ఆకలి ఉంది. 1943లో కలరా వచ్చి చాలామందిని పొట్టన పెట్టుకుంది. కాని అక్కడ బెంగాలు జరగలేదు. తిరువాన్కూరు, కొచ్చిన్ సంస్థానాల్లో పట్నం పల్లె తేడా లేకుండా కార్డులిచ్చి రేషను నడిపారు. ఆ కార్డుకు వెనుక బియ్యం ఉండాలి గదా? మద్రాసు రాష్ట్రపు డెల్టాల్లో కొలిచిన పురులు అందులో ఒక భాగం. మా తాతయ్యకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆయన వడ్లు మిల్లుకు తోలాక ఎటుపోయాయో ఆయన చనిపోయేవరకూ తెలియదు. ఎవరో తిన్నారని తెలిస్తే కోపం పోయేదని నేననను, ఆయన సంగతి నాకు తెలుసు. కాని తిట్టు కొంచెం మెత్తబడేదేమో.

ఇక ఆ ఆఫీసులు ఏమైనాయి? అమెరికాలో 1942 జనవరిలో పెట్టిన వార్ ప్రొడక్షన్ బోర్డును 1945 నవంబరులో ఎత్తేశారు. ఇంగ్లండులో రేషను 1954 జూలైలో ముగిసింది, మరుసటి యేడు ఆహార మంత్రిత్వ శాఖను వ్యవసాయంలో కలిపేశారు. మన దగ్గర మాత్రం కథ వేరే. డిఫెన్స్ ఆఫ్ ఇండియా నిబంధనల గడువు 1946 సెప్టెంబరులో తీరగానే, నిత్యావసర సరఫరాల తాత్కాలిక అధికారాల చట్టం వచ్చింది. పేరులోనే "తాత్కాలిక" ఉంది. దాన్ని పొడిగిస్తూ పొడిగిస్తూ 1955 దాకా లాగారు. 1955లో దాని స్థానంలో నిత్యావసర వస్తువుల చట్టం వచ్చింది, ఈసారి పేరులో "తాత్కాలిక" తీసేశారు! నిజం చెప్పారు గనుక నాకది నచ్చింది. మధ్యలో గాంధీగారి మాట మీద 1947 డిసెంబరులో కంట్రోళ్లు సడలించారు, ధరలు ఎగిరిపడేసరికి 1948లో మళ్లీ పెట్టారు. మద్రాసులో 1952 జూన్‌లో రాజాజీ ధైర్యం చేసి ఎత్తేశారు. తరువాత 1962లో చైనా యుద్ధం, మళ్లీ డిఫెన్స్ ఆఫ్ ఇండియా చట్టం. 1965లో ఫుడ్ కార్పొరేషన్, తాడేపల్లిగూడెంలో దాని గోదాములు, మిల్లర్ల మీద లెవీ. ఆఫీసులు మారాయిగాని పురి కొలిచిన ఆ తాడు మాత్రం చేతులు మారుతూ వచ్చింది.

మరునాడు క్లాసుకు వెళ్లి ఇదంతా చెప్పాను. ఒక్క గంట సరిపోలేదు. పీరియడు చివర్న సంస్కృతం ఐచ్ఛికంగా తీసుకున్న కుర్రాడొకడు చేయెత్తి, "పౌర అంటే అసలు అర్థం పురంలో ఉండేవాడని కదండీ? అంటే పట్నం సరఫరాలేగా?" అన్నాడు. నేను బోర్డు మీద "పుర" అని రాసి, పక్కన "పౌర" అని రాసి, కాసేపు దానివంకే చూస్తూ నిలబడ్డాను. అనువాదం చేసినవాడు ఏమనుకుని చేశాడో గాని, 1943 నాటి రేషనుకు ఇంతకంటె సరైన తెలుగు దొరకదు.

మొదట ప్రశ్న అడిగిన అమ్మాయి ఊరుకోలేదు. "మరి పల్లెకు ఎప్పుడొచ్చింది సార్?"

ఒక రోజని చెప్పలేం. డిపోలు మెల్లమెల్లగా వచ్చాయి, 1974లో రాష్ట్ర పౌర సరఫరాల సంస్థ వచ్చింది. కాని మా ఊళ్లో వాళ్లనడిగితే 1983 అంటారు. ఆ యేడు ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. యేడాదికి ఆరు వేల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి మనిషికి అయిదు కిలోలు, మొత్తం ఇరవై అయిదుకు మించకుండా. ఆ మొదటి నెల్లో మా ఊరి డిపో ముందు కాలువ గట్టుకు నాలుగైదు తాటి దోనెలు కట్టి ఉండడం నేను చూశాను. లంకల్లోంచి వచ్చిన ఆడవాళ్లు చేతిలో కార్డులు, గోనె సంచులు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. మా తాతయ్య అరుగు మీద కూర్చుని చూస్తూ, "ఇదీ కంట్రోలేనా?" అని అడిగాడు. అవునన్నాను. "వీళ్లకా?" అన్నాడు. మళ్లీ ఏమీ అనలేదు.